పన్నెండో పలక మీద బొటనవేలు

ఆ సోమవారం పొద్దున పెద్దసంతకం వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి ఫర్నేసు తలుపు తీస్తారు. పన్నెండు పలకలు బయటికి వస్తాయి. ఒక్కోదానికీ నంబరు చీటీ కట్టి, రిజిస్టరులో ఎక్కించి, మధ్యాహ్నానికల్లా సారుకి అప్పగించాలి. నాలుగింటికి బయటపడి కూతురికి బూట్లు కొనాలి. పిల్ల కాలివేలు కుడి బూటులోంచి లోకాన్ని చూడటం మొదలుపెట్టి నెల దాటింది.

పెద్దసంతకం ఆమె అసలు పేరు కాదు. ఆమె సంతకం చూసి తోటివాళ్ళు పెట్టిన పేరు. ఇంటిపేరు, తండ్రి పేరు, తన పేరు, ఒక్క అక్షరం మింగకుండా గుండ్రంగా రాసి, కింద గీత గీసి, గీత కింద రెండు చుక్కలు పెట్టేది. ఎవరైనా తొందరపెడితే తల ఎత్తకుండానే, "పెట్టేది నా పేరండీ. సగంలో ఎక్కడ ఆపమంటారు?" అని అడిగేది. ఎక్కడ ఆపాలో ఎవరికీ తెలిసేది కాదు.

ఆమె పనిచేసే చోటు ఊరి చివర ఒక రేకుల షెడ్డు, దాని వెనక మూడు గదులు. అక్కడ ఫ్యూయల్ సెల్స్‌కి లోహపు పలకలు చేస్తారు. ఫ్యూయల్ సెల్ అంటే ఒకవైపు హైడ్రోజన్, మరోవైపు గాలి పంపితే కరెంటూ కాసిన్ని నీళ్ళూ ఇచ్చే సరుకు. అలాంటివి కొన్ని వందలు ఒకదాని మీద ఒకటి పేరిస్తే బస్సు నడుస్తుంది. ప్రతి రెండింటి మధ్యా ఒక పలక ఉండాలి. దాని ఒక ముఖం మీద హైడ్రోజన్ పారడానికి, రెండో ముఖం మీద గాలి పారడానికి సన్నటి కాలువలుంటాయి. ఆ రెండూ కలవకూడదు. కరెంటు మాత్రం ఇటునుంచి అటు ధారాళంగా పోవాలి. ఇదివరకు ఈ పలకల్ని గ్రాఫైటుతో చేసేవారు. అవి బరువు, పైగా చెయ్యి జారితే పెంకుల్లా పగిలేవి. అందుకని ఇనుము, క్రోమియం, నికెల్ కలిపిన మిశ్రలోహంతో పలచగా చేయాలని ఆరేళ్ళుగా అక్కడ తంటాలు పడుతున్నారు.

తంటా అంతా పలక పైపొర దగ్గర. సెల్ లోపల వేడి, తడి, ఆ తడిలో యాసిడ్. పైన పొర లేకపోతే లోహం తుప్పు పడుతుంది. పొర మందమైతే కరెంటు వెళ్ళదు. పొర ఉండాలి, ఉన్నట్టు తెలియకూడదు. పలకల్ని సాన పట్టే, అందరూ సాన మామయ్య అని పిలిచే పెద్దాయన దీన్ని కొత్తవాళ్ళకి ఒక్క ముక్కలో చెప్పేవాడు: కోడలికి అత్తగారు ఎలా ఉంటే నచ్చుతుందో, పలకకి పొర అలా ఉండాలి.

పలకల గదికి పెద్ద చేతొడుగుల సారు. పలకని ఉత్త చేత్తో ముట్టుకోవడం ఆయన దృష్టిలో జైలుకి పంపదగిన నేరం. రోజూ పొద్దున పని మొదలయ్యే ముందు అందరినీ నిలబెట్టి మనిషి చేతి మీద ఉండే ఉప్పు గురించీ జిడ్డు గురించీ పావుగంట చెప్పేవాడు. వినివిని కొందరికి ఇంటికెళ్ళాక అన్నం కలుపుకోవడానికి కూడా చెయ్యి రావడం లేదని సాన మామయ్య అనేవాడు. టీ గ్లాసు పట్టుకున్నా, పెళ్ళి శుభలేఖ అందుకున్నా సారు చేతులకి తెల్లటి తొడుగులు ఉండాల్సిందే.

ఆ వారం అందరికీ ముఖ్యమైనదే. బస్సుల కంపెనీవాళ్ళు శుక్రవారం వస్తున్నారు. పలకలు నచ్చితే విభాగం ఇంకో ఏడాది నడుస్తుంది, నచ్చకపోతే తాళం. పెద్దసంతకానికి ఇంకాస్త ముఖ్యం. ఆరేళ్ళుగా ఆమెది తాత్కాలిక ఉద్యోగం. పర్మనెంటు చేసే ఫైలు ఎట్టకేలకు డైరెక్టరు బల్ల మీదికి చేరింది. శుక్రవారం సంతకం చేస్తానని ఆయన స్వయంగా అన్నాడు.

ఫర్నేసు తలుపు తీశారు. శనివారం లోపల పెట్టిన పలకలు లేత బంగారు రంగు తిరిగి వచ్చాయి. పదకొండు పలకలు కడిగిన ముత్యాల్లా ఉన్నాయి. పన్నెండోదాని మూల మీద నల్లగా, గీతలు లెక్కపెట్టుకోగలిగేంత స్పష్టంగా, ఒక బొటనవేలి ముద్ర ఉంది.

సారు మాట్లాడటం మొదలుపెట్టాక భోజనాల బెల్లు మోగేదాకా ఆపలేదు. తన కళ్ళు కప్పి, తన గదిలో, తన పలక మీద వేలు పెట్టినవాడు ఎవడో తేలేదాకా ఊరుకునేది లేదన్నాడు. ముద్రని ఫొటో తీయించి అరచేయంత పెద్దది చేయించాడు. కంపెనీవాళ్ళు పన్నెండు అడిగారు కాబట్టి ఆ పలకని కూడా, పళ్ళు కొరుకుతూ, మిగతావాటితో పాటు యాసిడ్ తొట్టెలో దింపించాడు. శుక్రవారం దాకా అవి ఆ వేడి యాసిడ్‌లో నానాలి, అదే పరీక్ష. ఆ తరవాత పలకల గదిలోకి అడుగుపెట్టే ఇరవైమూడు మంది పేర్లూ రాసుకుని, గేటు తాత చేత ఇంకు ప్యాడ్ తెప్పించి, అందరి బొటనవేలి ముద్రలూ తీసుకోవడానికి కూర్చున్నాడు.

వరసగా వచ్చి వేశారు. ఇంజినీర్లు నవ్వుకుంటూ వేశారు, గేటు తాత దణ్ణం పెట్టి వేశాడు. పదహారు మంది అయ్యాక పెద్దసంతకం వంతు వచ్చింది. ఆమె చేతులు వెనక్కి పెట్టుకుంది.

"నేను సంతకం పెడతానండీ."

"సంతకం నేనేం చేసుకోను? సంతకానికి గీతలుంటాయా?"

"ఎన్ని కావాలంటే అన్ని పెడతాను. వేలు మాత్రం వెయ్యను."

"ఎందుకు వెయ్యవు?"

"నాకు రాయడం వచ్చు కాబట్టి."

గదిలో అందరూ ఒక్కసారి తమ నల్లటి బొటనవేళ్ళ వంక చూసుకున్నారు. అందులో ఇద్దరు ఇంజినీర్లు, ఒకడు పైచదువుకి పరీక్ష రాస్తున్నవాడు. వాళ్ళకి రాయడం రాదని ఆమె అనలేదు. కానీ అన్నట్టే వినిపించింది. వెనక నిలబడ్డ మిగతా ఆరుగురూ, అయితే మేమూ ఆలోచించుకుంటామని లైను వదిలి వెళ్ళిపోయారు. సారు ఆమె పేరు ఎదురుగా ఎర్ర సిరాతో ఒక గుర్తు పెట్టుకున్నాడు. గొడవ సద్దుమణిగేసరికి రాత్రి ఎనిమిది దాటింది. బూట్ల కొట్టు మూసేశారు.

మంగళవారం ఇంకో ముచ్చట. ఆ ఆఫీసులో కాగితాలకి ఒక పద్ధతుంది. పాత ఫారాల వెనకవైపు ఖాళీగా ఉంటే పారెయ్యకూడదు, దాన్నే వాడాలి. రెండేళ్ళ కిందట, ఇష్టమైనవాళ్ళు ఉద్యోగం మానుకోవచ్చని పైవాళ్ళు వెయ్యి ఫారాలు అచ్చు వేయించారు. ఒక్కరికీ ఇష్టం లేకపోయింది. ఆ వెయ్యి అప్పటినుంచీ రికార్డుల బీరువాలో పడి ఉన్నాయి. ఆమె తాళం తీయగానే సారు తొందరలో లాక్కున్న కట్ట అదే. ముద్రలు వేసిన కాగితాలు కిటికీ గట్టు మీద ఆరబెడితే, పొద్దున గాలికి ఒకటి ఎగిరి గేటు తాత కాళ్ళ దగ్గర బోర్లా పడింది. తాత దాన్ని తీసి, కూడబలుక్కుంటూ, పదిమందికీ వినబడేలా చదివాడు.

"నేను నా సొంత ఇష్టంతో, ఎవరి బలవంతమూ లేకుండా, ఉద్యోగం నుంచి శాశ్వతంగా తప్పుకుంటున్నాను."

కింద సంతకం కోసం చుక్కల గీత. అటువైపు వేసిన ముద్ర తాలూకు ఇంకు కాగితంలోంచి దిగి సరిగ్గా ఆ గీత మీదే తేలింది.

షెడ్డులో యంత్రాలు ఆగిపోయాయి. విభాగానికి తాళం వేయడం ఖాయమైపోయిందనీ, శుక్రవారం కంపెనీవాళ్ళు వచ్చేది తాళం కప్ప కొలత తీసుకోవడానికేననీ పది నిమిషాల్లో అందరికీ తెలిసిపోయింది. సారు బయటికొచ్చి, అది వెనకవైపనీ, వెనకవైపు చూడవద్దనీ మొత్తుకున్నాడు. ఏది వెనక, ఏది ముందు అని ఎవరో నిలదీశారు. అచ్చు ఉన్నదే ముందు అని లోకమంతా ఒప్పుకుంటుంది.

అప్పుడు అందరి చూపూ పెద్దసంతకం మీదికి మళ్ళింది. ఫారాల బీరువా ఆమెది, తాళం చెవి ఆమె నడుముకి ఉంటుంది. వేలు వెయ్యనన్నది ఆమె ఒక్కతే. ఆవిడకి ముందే తెలుసన్నమాట. తన ఫైలు డైరెక్టరు బల్ల మీద భద్రంగా పెట్టించుకుని, అందరినీ వరసగా వేళ్ళు వేయనిచ్చి చూస్తూ నిలబడిందన్నమాట. ఇలా చెవులు కొరుక్కోవడం భోజనాల వేళకి ముఖం మీదే అనడం దాకా వచ్చింది. ఆరేళ్ళుగా ఆమె పక్కనే కూర్చుని తినే సాన మామయ్య డబ్బా తీసుకుని వేరే బెంచీ మీదికి వెళ్ళాడు.

"ఒక్క మాట చెవిన వేసి ఉండకూడదా అమ్మాయ్? నీకు నేనేం ద్రోహం చేశాను?"

"నాకేం తెలుసు మామయ్యా? కట్ట తీసింది ఆయన, ముద్రలేసింది మీరు."

"తెలియకుండానే ఎవరైనా వేలు దాచుకుంటారా?" అన్నాడు మామయ్య. ఆ తరవాత తన కూర కూడా తనే తిన్నాడు. సగం ఆమె గిన్నెలో వేయకపోవడం అదే మొదటిసారి.

ఆమెకి ఒళ్ళు మండిపోయింది. చేయని తప్పు మూడోసారి మారింది. నిన్న దొంగ, నిన్న సాయంత్రానికి పొగరుబోతు, ఇవాళ గూఢచారి. అరిచి పోట్లాడే అలవాటు ఆమెకి లేదు. రిజిస్టరు తెరిచి ఆ వారం ఎంట్రీలన్నీ గట్టిగా నొక్కి రాసింది. కింద రెండు పేజీల దాకా అచ్చు పడింది.

సాయంత్రం డైరెక్టరు వచ్చి, పదహారు ఫారాల్నీ అందరి ఎదుటా చింపేశాడు. అవి సాక్ష్యాలని సారు అడ్డుపడితే, తనే కొత్త తెల్ల కాగితం కట్ట తెప్పించి, రెండువైపులా ఖాళీ అని అందరికీ తిప్పి చూపించాడు. గండం గడిచిన సంబరంలో బుధవారం ఇరవైరెండు మంది పోటీలు పడి ముద్రలు వేశారు. ఒక కుర్ర ఇంజినీరు, మొదటిది బాగా పడలేదని, ఇంకోటి కూడా వేశాడు. చిక్కల్లా సాన మామయ్య దగ్గరే వచ్చింది. ముప్ఫై ఏళ్ళు సాన చక్రానికి ఆనించిన వేలు అది. కాగితం మీద గుండ్రటి నల్ల మచ్చ తప్ప ఒక్క గీత పడలేదు. సాక్ష్యం దొరక్కుండా వేలు అరగదీసుకున్నావని సారు అనుమానించాడు. కావాలంటే కాలివేలు వేస్తానని మామయ్య చెప్పు విప్పబోయాడు.

సారు తలుపు వేసుకుని, ఫొటో పక్కన ఒక్కో ముద్రా పెట్టి భూతద్దంలో రోజంతా చూశాడు. పలక మీద ముద్ర మధ్యలో అడ్డంగా ఒక గాటు మచ్చ ఉంది. అలాంటి గాటు ఇరవైరెండింటిలో ఒక్కదానికీ లేదు. ఇరవైమూడు లోంచి ఇరవైరెండు తీసేస్తే ఎంతో చెప్పడానికి భూతద్దం అక్కర్లేదు. గురువారం పొద్దున పెద్దసంతకం చేతికి మెమో వచ్చింది. పలకని ఉత్త చేత్తో పాడుచేసి, విచారణకి సహకరించనందుకు ఉద్యోగంలోంచి ఎందుకు తీసివేయకూడదో శుక్రవారం పన్నెండింటిలోగా రాతపూర్వకంగా చెప్పాలట. ఒకవేళ ముద్ర వేస్తే, తప్పు ఒప్పుకున్నట్టు భావించి, పెద్ద మనసుతో క్షమిస్తారట. ఆ చివరి వాక్యం ఆమె మూడుసార్లు చదివింది. చదివిన ప్రతిసారీ కోపం కొత్తగా వచ్చింది.

ఆ సాయంత్రం ఇంట్లో, డిపోలో టైర్లు చూసే ఆమె భర్త మెమోని రెండువైపులా తిప్పి చూశాడు. అతనూ అందరిలాగే అన్నాడు.

"ఒక్క వేలేగా. అద్దేసి కడుక్కుంటే పోతుంది. ఆరేళ్ళు పడ్డ కష్టం నీళ్ళపాలు చేసుకుంటావా?"

ఆమె బియ్యం ఏరుతున్న చేట పక్కన పెట్టింది. వాళ్ళ నాన్న ఇటుకల బట్టీలో పనిచేసేవాడు. శనివారం సాయంత్రం హాజరు పుస్తకం మీద వేలిముద్ర వేయాలి. బట్టీ గుమాస్తా నాన్న ముఖం వైపు చూసేవాడు కాదు. మణికట్టు పట్టి, వేలు ప్యాడ్ మీద నొక్కి, పుస్తకం మీద నొక్కి, పనైపోయిన రబ్బరు స్టాంపులా వదిలేసేవాడు. నాన్న ఇంటికొచ్చి ఆ ఇంకు గుమ్మం పక్క గోడకి రాసేవాడు. ఎన్నో శనివారాల మచ్చ అది. ఆమె రెండో తరగతిలో పలక మీద మొదటిసారి మూడు పేర్లూ కలిపి రాసి చూపించిన రోజు, ఆయన చాలాసేపు చూసి, నువ్వు ఎక్కడా వేలు పెట్టకమ్మా, పేరు పెట్టు, మొత్తం పెట్టు, అన్నాడు. అంతే.

"ఉద్యోగం పోతే పోయిందండీ. పేరు పెట్టి పోగొట్టుకుంటాను," అంది ఆమె.

భర్త లేచి వెళ్ళి, ఆమె జవాబు రాసుకోవడానికి బల్ల తుడిచి, పిల్లని బూట్ల కొట్టుకి తనే తీసుకెళ్ళాడు. ఆమె నాలుగు పేజీల జవాబు రాసింది. ప్రతి పేజీ కిందా సంతకం పెట్టడంతో అది అయిదు పేజీలైంది.

శుక్రవారం బస్సుల కంపెనీ తరఫున వచ్చింది ఒక్కతే. నెరిసిన జుట్టు, మెడలో తాడుకి వేలాడే కళ్ళజోడు, చేతిలో చిన్న పెట్టె. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. టీ వద్దని, తొట్టె చూపించమంది. అందరూ చుట్టూ మూగారు. సారు కొత్త చేతొడుగులు వేసుకుని, పట్టకారుతో మొదటి పలక పైకి తీశాడు.

బంగారు రంగు లేదు. పలక నిండా బూడిద రంగు మరకలు, మధ్యమధ్య ఎర్రటి చుక్కలు. రెండోదీ అంతే. మూడోదీ అంతే. ఆరో పలకని సారు రెండువైపులా తిప్పి చూశాడు. తొమ్మిదో పలక దగ్గర గేటు తాత, తాళం కప్ప సంగతి తను ముందే చెప్పానని గొణిగాడు. పరీక్షించే ఆవిడ ఒక్కోదాని మీదా తన పెట్టెలోని రెండు బంగారు సూదులు ఆనించి, అంకె చూసి, రాసుకుంటోంది. అంకె ఎంత పెద్దదైతే కరెంటుకి అంత అడ్డు. ఆమె రాసుకునే అంకెలన్నీ పెద్దవే.

పన్నెండో పలక కూడా మరకలమయమే. కానీ మూలన బొటనవేలంత మేర మాత్రం చెక్కుచెదరలేదు. నల్లగా, నున్నగా, యాసిడ్ తనని అసలు పలకరించనట్టు ఉంది. ఆవిడ దాని మీద సూదులు ఆనించింది. అంకె చూసి, కళ్ళజోడు తుడుచుకుని, మళ్ళీ ఆనించింది. ఈసారి కూర్చుంది.

చేతి జిడ్డు ఫర్నేసు వేడికి మాడి మసైందనీ, ఆ మసి లోహం పైపొరలోకి ఇంకిపోయిందనీ, అది తుప్పునీ రానివ్వడం లేదు, కరెంటునీ ఆపడం లేదనీ ఆమె నెమ్మదిగా చెప్పింది. ఇంతవరకూ తను చూసిన పలకలన్నిటిలోకీ మంచి అంకె ఇదేనంది. తరవాత తల ఎత్తి అడిగింది.

"ఈ వేలు ఎవరిది?"

నాలుగు రోజులుగా ఎవరిదీ కాని వేలు, నిమిషంలో అందరిదీ అయిపోయింది. శనివారం ఆ పలకని అటు జరిపింది తనేనని ఒక ఇంజినీరు గుర్తు తెచ్చుకున్నాడు. రెండు ముద్రలు వేసిన కుర్రాడు, రెండూ సరిగా ఆనలేదు కాబట్టి కలవకపోవడంలో వింత లేదన్నాడు. సాన మామయ్య ముందుకొచ్చి తన నున్నటి బొటనవేలు ఎత్తి చూపించాడు.

"చూడండమ్మా, గీత ఒక్కటి లేదు. అన్నీ ఆ పలక మీదే ఉండిపోయాయి."

పలకల గదిలోకి తాళం తీయడానికి తప్ప రాని గేటు తాత కూడా, దణ్ణం పెట్టి వేసిన వేలు తనదొక్కటేనని గుర్తు చేశాడు. డైరెక్టరు, ఎవరి వేలైనా అంతా తన పర్యవేక్షణలోనే జరిగిందన్నాడు. ఆవిడ విసుక్కోకుండా ఇరవైరెండు కాగితాలూ తెప్పించి, పలక పక్కన పెట్టి చూసి, ఒక్కటీ కాదని తేల్చింది.

డైరెక్టరు ముఖం వెలిగిపోయింది. మిగిలింది ఒకే ఒక్క మనిషి. ఆయన జనాన్ని తప్పించుకుని పెద్దసంతకం దగ్గరికొచ్చి, ఇంత గొప్ప పని చేసి కూడా చెప్పుకోకుండా వేలు దాచుకున్న ఆమె వినయాన్ని అందరి ఎదుటా పొగిడాడు. నిన్న మెమోలో నేరమైనది ఇవాళ వినయమైంది. ఫైలు అప్పటికప్పుడు తెప్పించి, పెన్ను మూత తీసి పట్టుకున్నాడు.

"ఒక్క ముద్ర వెయ్యమ్మా. వేసిన మరుక్షణం ఇక్కడే సంతకం పెట్టేస్తాను. నువ్వు పర్మనెంటు."

ఇంకు ప్యాడ్ ఆమె ముందు తెరుచుకుంది. ఆమె ప్యాడ్ చూసింది, ఫైలు చూసింది. ఆరేళ్ళుగా ఎదురుచూసిన కాగితం అది. అక్కడున్నవాళ్ళంతా, నిన్నటిదాకా పక్క బెంచీ మీద తిన్నవాళ్ళంతా, వెయ్యి వెయ్యి అన్నట్టు తలలూపుతున్నారు. నిందని మోయనన్నందుకు మెమో ఇచ్చినవాళ్ళు, తనది కాని గొప్పని నెత్తిన పెడుతున్నందుకు ఆమెకి ఇంకా ఎక్కువ ఒళ్ళు మండింది.

"ఆ వేలు నాది కాదండీ," అంది. "కాల్చకముందు నేను పలకని ముట్టుకోను. రాయడమే నా పని. రాసింది చూపిస్తాను."

పలకల గది రిజిస్టరు తెచ్చి బల్ల మీద తెరిచింది. శనివారం గదిలోకి వెళ్ళడానికి అనుమతి ఉన్న పేర్లు చదివింది. ఇరవైమూడు కాదు, ఇరవైనాలుగు. ఇరవైనాలుగో పేరు దగ్గర ఆమె వేలు ఆగింది. ఆ సంగతి ఆ క్షణం దాకా ఆమెకే తట్టలేదు. చేతొడుగుల సారుకి లోపల చేతులు కూడా ఉంటాయని ఆ ఆఫీసులో ఎవరూ అనుకోలేదు.

"పదకొండు పలకలు ఫర్నేసులో పెట్టాక సారు బయటికొచ్చి ఇక్కడ సంతకం పెట్టారు. తొడుగుతో పెడితే అక్షరాలు అలుక్కుపోతాయని నేనే తీయించాను. సంతకం పెట్టి, టోపీ తీసి, జుట్టు సర్దుకుని లోపలికి వెళ్ళారు." ఆమె కింది వరసకి వచ్చింది. "తొడుగు ఇక్కడే బల్ల మీద మరిచిపోతే, ఆనక నేనే అందించాను. అప్పటికి పన్నెండోది లోపల పెట్టేశారు. అదీ రాసే ఉంది."

సారు ఇరవై ఏళ్ళ సర్వీసులో తనని ఇంత మాట ఎవరూ అనలేదన్నాడు. తనని దొంగలా నిలబెట్టి వేలు తీసుకుంటారా అని డైరెక్టరుని అడిగాడు, పెద్దసంతకాన్ని అడిగాడు, చివరికి సాన మామయ్యని కూడా అడిగాడు. మామయ్య, కాలివేలైనా ఫర్వాలేదు సార్ అన్నాడు. పరీక్షించే ఆవిడ ప్యాడ్ ఆయన వైపు జరిపింది.

తెల్లటి తొడుగు ఊడింది. పాలిపోయి, ముడతలు పడ్డ, ఎండ ఎరగని చేయి బయటపడింది. కాగితం మీద ముద్ర పడింది. మధ్యలో అడ్డంగా గాటు మచ్చ. ఎవరూ నవ్వలేదు, నవ్వు ఆపుకోవడానికి అందరూ కిటికీ వైపు తిరిగారు. ఆవిడ మాత్రం సారుతో ఎంతో గౌరవంగా, ఆరోజు ఆ చేతికి ఏముందో గుర్తుందా అని అడిగింది. ఆయన నేల చూపులు చూస్తూ, తలకి రాసుకునే నూనె అన్నాడు. ఏ రకం నూనె, ఎన్ని చుక్కలు అని ఆవిడ అడిగి రాసుకుంది.

విభాగానికి తాళం పడలేదు. ఇంకో ఏడాది పాటు నాలుగు వందల పలకల మీద ఆ మసి పొర ప్రయత్నించి చూడమని కంపెనీ రాసింది. సరైన యంత్రం వచ్చేదాకా పొర పూసే పని సారు చేతి మీదుగానే, ఉత్త చేతి మీదుగానే జరగాలని డైరెక్టరు ఆర్డరు వేశాడు. సారు ఇప్పుడు పొద్దున్నే ఎవరికీ ఏమీ చెప్పడం లేదు. ముఖం మాడ్చుకుని, నూనె సీసా ముందు పెట్టుకుని, ఒక్కో పలకకీ వేలు అద్దుతూ కూర్చుంటాడు. ఆ సీసాని పెద్దసంతకం ముడిసరుకు కింద రిజిస్టరులో ఎక్కించింది.

మెమో సంగతి మరిచిపొమ్మని డైరెక్టరు ఆమెకి నవ్వుతూ చెప్పాడు. రాతపూర్వకంగా ఇచ్చినదాన్ని రాతపూర్వకంగానే వెనక్కి తీసుకోవాలని ఆమె నవ్వకుండా చెప్పింది. మూడు రోజులు పట్టినా ఆ కాగితం వచ్చింది. సాన మామయ్య డబ్బా పట్టుకుని పాత బెంచీ మీదికే వచ్చి, ఏమీ జరగనట్టు కూర సగం ఆమె గిన్నెలో వేశాడు. ఆమె రెండు రోజులు తినలేదు, మూడో రోజు తింది.

తరవాతి వారం పర్మనెంటు ఆర్డరు, దాంతో పాటు కొత్త సర్వీసు పుస్తకం వచ్చాయి. ఆమె భద్రంగా అట్ట తిప్పి మొదటి పేజీ చూసింది. పేరుకి ఒక చిన్న గీత ఇచ్చారు. దాని కింద, ఎడమ చేతి అయిదు వేళ్ళ ముద్రలు తప్పనిసరి అని అచ్చు వేసి, అయిదు గళ్ళు గీశారు.

ఆమె పెన్నులో సిరా చూసుకుని, తలుపు దగ్గరగా వేసి, అయిదు గళ్ళలోనూ అయిదు సంతకాలు పెట్టింది. ఆ పేజీని ఇంతవరకూ ఏ పుస్తకంలోనూ ఎవరూ తెరిచి చూసిన పాపాన పోలేదని, రికార్డులు చూసే ఆమె కంటే బాగా తెలిసినవాళ్ళు ఆ ఆఫీసులో లేరు.